నీతో మొదలయ్యే పేరు

నీరద అంటే మేఘం, అర్థానికేం లోటు లేదు గానీ నీరజ్ పక్కన నీరద అంటే పిలిచినప్పుడు ఇద్దరూ పలుకుతారు, లేదంటే నన్ను కాదులే అని ఇద్దరూ ఊరుకుంటారు, నీతిక మరీ టీవీ సీరియల్లో కోడలి పేరులా ఉంది, నీవేద్య అని అసలు మాటే లేదు, విన్నవాళ్ళు నైవేద్యం అనుకుంటారు, ఇలా బంగాళాదుంపలు తరుగుతూ పుష్పలీల ఒక్కో పేరునీ ఉప్పు చూసినట్టు నాలుక మీద వేసుకుని చూస్తోంది, ముక్కలు మరీ సన్నగా వద్దు, ఇక్కడి చిప్స్‌లా పొడుగ్గా ఉంటేనే నీరజ్ తింటాడని ఆయన వెళ్తూ వెళ్తూ చెప్పారు, ఆయనంటే అమరేందర్, పొద్దున పదింటికే కారు తీసుకుని ఈ ఇంగ్లీషు దేశంలో తాముండే స్లౌ నుంచి వెంబ్లీ వెళ్ళారు, రెండు వారాలకోసారి శనివారం తన మొదటి పెళ్ళి పిల్లలిద్దరినీ వాళ్ళ అమ్మ ఇంటి నుంచి తెచ్చుకుని సాయంత్రం ఆరింటికల్లా దింపి రావాలి, కోర్టు రాసిచ్చిన ఏర్పాటు అది, మూడేళ్ళుగా తను చూస్తున్నదే, కానీ ఇవాళ్టి శనివారం వేరు, పాప పుట్టాక వాళ్ళు రావడం ఇదే మొదలు, ముప్పై ఆరు రోజులు, ఈలోగా రెండుసార్లు రావలసినవాళ్ళే, ఒకసారి నీహారికకి మాక్ పరీక్షలని, ఇంకోసారి నీరజ్‌కి జలుబని రాలేదు, జలుబైతే రాకపోవడమే మంచిది, పసిపిల్ల ఉన్న ఇల్లు, అలాగే అనుకోవాలి, ఇంకోలా అనుకోకూడదు, నూనె కాగింది, హాల్లో రేడియేటర్‌కీ సోఫాకీ మధ్య ఉయ్యాల్లో పాప కదిలింది, పాప, అంతే, ఇంకే పేరూ లేదు, ఆస్పత్రిలో కాలికి కట్టిన పట్టీ మీద బేబీ అని రాసి పక్కన ఇంటిపేరు రాశారు, జీపీ సర్జరీ, అంటే పేట డాక్టరు క్లినిక్కు, అక్కణ్ణుంచి ఫోన్ చేసినా బేబీ అనే అడుగుతున్నారు, నలభై రెండు రోజుల్లోపు పుట్టుక నమోదు చేయించాలి, మంగళవారం పదకొండింటికి రిజిస్టర్ ఆఫీసులో అపాయింట్‌మెంటు ఉంది, ఆలోపు పేరు కావాలి, నీతో మొదలయ్యే పేరు.

చిన్నప్పుడు చీరాలలో నాన్న వీధి గుమ్మంలో నిలబడి లీలలూ అని ఒక్క కేక వేస్తే ఇంట్లో ఎక్కడున్నా ఇద్దరూ పరుగెత్తుకొచ్చేవాళ్ళు, తను పుష్పలీల, చెల్లెలు హేమలీల, ఎప్పుడైనా తనొక్కతే కిరాణా కొట్టుకి వెళ్తే రెండో లీల ఏదమ్మా అని అడిగి గానీ కొట్టాయన పొట్లం కట్టేవాడు కాదు, జ్వరమొచ్చి హేమ వారం రోజులు బడికి రాకపోతే తనని చూసిన ప్రతివాళ్ళూ హేమ గురించే అడిగారు, అప్పుడు ఉడుక్కుంది గానీ తర్వాత తెలిసింది, ఒకరి పేరులో ఇంకొకరికి చోటుండడమంటే అదేనని, జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పిన పదేళ్ళూ హాజరు పిలుస్తున్నప్పుడు రాజ్యలక్ష్మి అనగానే దీని అక్క భాగ్యలక్ష్మి రెండేళ్ళ కిందట ఇదే బెంచీలో కూర్చునేది కదా అని తోచేది, ముప్పై నాలుగేళ్ళు నిండాక వచ్చిన ఈ రెండో పెళ్ళి సంబంధంలో కూడా తను ముందు విన్నది ఆ పిల్లల పేర్లే, నీహారిక, నీరజ్, ఒకటి పొగమంచు, ఒకటి తామర, ఎంత చల్లటి పేర్లు, ఇలాంటి పేర్లు పెట్టుకున్న ఇంట్లో మనుషులు చెడ్డవాళ్ళు కారు అనుకుంది, ఎవరు పెట్టారని మాత్రం అడగలేదు, అన్నయ్య పట్టుబట్టి విడాకుల కాగితం తెప్పించి చూపించాడు, అందులో ఆవిడ పేరు సుభద్ర అని ఉంది, ఆ ఒక్కసారే చదవడం, ఆ తర్వాత ఆ పేరు ఎవరి నోటా వినలేదు, ఆయన పిల్లల మదర్ అంటారు, ఆయన ఫోన్లో ఆ నంబరు కిడ్స్ హోమ్ అని ఉంటుంది, పిల్లలు మమ్ అంటారు, హనుమకొండ నుంచి అత్తగారు ఆమె అంటుంది, తను మనసులో ఆవిడ అనుకుంటుంది, పేరు లేని మనిషి మీద కోపం రాదు, ఆవిడ మీద తనకెప్పుడూ కోపం లేదు.

నాలుగో నెలలో స్కానింగుకి వెళ్ళొస్తూ కారులో, పేరేం పెడదామండీ అని అడిగితే ఆయన సిగ్నల్ దగ్గర బండి ఆపి, ఏదైతేంది పుష్పా, మిగిలిన ఇద్దరి పేర్లతోటి కలిసేటట్టుంటే మంచిగుంటది అన్నారు, మిగిలిన ఇద్దరు అన్నారు, అంటే కడుపులోది మూడోది, వరసలో పడింది, కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది, ఎందుకంటే అప్పటికి ఆ ఇంట్లో తను వరసలో ఉన్నానని ఎవరూ చెప్పలేదు, ఫ్లాట్‌లో ఉన్నవి రెండు పడకగదులు, ఒకటి ఆ పిల్లలది, నెలకి రెండు శనివారాలు వాళ్ళు అక్కడ కోట్లు పడేస్తారు, బంక్ బెడ్ మీద ఒక్క రాత్రి కూడా పడుకున్నది లేదు, పాప ఉయ్యాల అందులో వేద్దామా అంటే అది వాళ్ళ రూమ్ కదా అన్నారు, కోపంగా కాదు, ఎంత మెల్లిగా అన్నారంటే అడిగిన తనకే సిగ్గేసింది, సరే, ఉయ్యాల హాల్లోనే ఉండనీ, పేరు కలిస్తే గదిదేముంది, రేపు పెద్దదయ్యాక ఎవరైనా నీహారికని చూసి మీ చెల్లెలేదీ అంటారు, అనకుండా ఎలా ఉంటారు, మొన్న హేమ ఫోన్లో కేకలేసింది, పంతులుగారు రోహిణీ నక్షత్రం, వతో పెట్టుకోమన్నారుగా, ఇరవై ఒకటో రోజు బియ్యంలో కులదేవత పేరు రాయించి వదిలేశావు, ఇప్పుడు నీ అంటావేంటే, ఆ పిల్లల పేర్లతో నీకేం పనే అక్కా, వాళ్ళు నిన్ను అమ్మా అంటారా ఏమన్నానా, అంటే తను, నన్నేమన్నా పర్లేదే, దీనికి అక్కా అన్నా ఉన్నారే, ఉన్నారా లేదా నువ్వే చెప్పు అంది, హేమ ఫోన్ పెట్టేసింది, ఇప్పుడు పుష్పలీల వేపుడు మూత తీసింది, అడుగంటలేదు, నీలాంజన, నిన్న స్నానం చేయిస్తుంటే తట్టిన పేరు, నీహారిక, నీరజ్, నీలాంజన, వరసగా పైకి అని చూసింది, మూడు మెట్లలా దిగుతోంది, ఇంతకంటే ఏం కావాలి, ఇవాళ భోజనాల దగ్గర వాళ్ళకే ముందు చెప్పాలి, వాళ్ళ చెల్లెలి పేరు వాళ్ళ నోటితోనే ముందు పలికించాలి.

తలుపు తాళం తిరిగింది, నీహారిక ముందొచ్చింది, పదిహేనేళ్ళకే తండ్రి భుజం దాటిన పిల్ల, మెడ చుట్టూ హెడ్‌ఫోన్లు, హాయ్ ఆంటీ, కంగ్రాచ్యులేషన్స్ అంది, పక్క ఫ్లాట్ ఆవిడతో లిఫ్ట్‌లో అన్నట్టు, చేతిలో సంచి సోఫా మీద పెట్టి ఇది మమ్ పంపింది అంది, వెనక నీరజ్, పదేళ్ళవాడు, బూట్లు విప్పకుండానే ఉయ్యాల దగ్గరికి పోయి ఎంత చిన్నగా ఉందో అని అరిచాడు ఇంగ్లీషులో, వేలు పెట్టి పాప అరికాలు ముట్టుకున్నాడు, పాప కాలు ముడుచుకుంటే వాడు కిలకిలా నవ్వాడు, చూశారా చూశారా అన్నట్టు పుష్పలీల ఆయన వైపు చూసింది, ఆయన నీహారిక కోటు అందుకుని తగిలిస్తున్నారు, సరే, వడ్డించింది, పప్పు, కారం తగ్గించిన కోడికూర, వేపుడు, మాక్ పరీక్షలెలా రాశావమ్మా అంటే ఫైన్ అంది, స్కూల్లో భోజనం బాగుంటుందా అంటే ఓకే అంది, తను ఇక్కడి స్కూల్లోనే మధ్యాహ్నాలు పిల్లలకి వడ్డించే పని చేస్తుంది, ఇప్పుడు మెటర్నిటీ లీవు, ఆ పిల్లలు తనకి రోజూ కబుర్లు చెప్తారు, కొత్త బూట్ల గురించి, ఊడిన పన్ను గురించి, వీళ్ళ దగ్గరికొచ్చేసరికి తనకే మాటలు దొరకవు, నీరజ్ వేపుడు రెండోసారి వేయించుకున్నాడు, ఇదే సమయం అనిపించింది, గిన్నె కింద పెట్టి, చెల్లికి పేరు అనుకున్నామమ్మా, మీ ఇద్దరి పేర్లకీ కలిసేలా, అని ఊపిరి తీసుకుని, నీలాంజన, ఎలా ఉంది అంది.

నీరజ్ నోట్లో ముక్క అలాగే ఉంచుకుని అక్క వైపు చూసి పక్కున నవ్వబోయి ఆగాడు, నీహారిక స్పూను పళ్ళెం అంచున చప్పుడు కాకుండా ఆనించింది, ఆంటీ, యూ డు నో దట్స్ ఆల్మోస్ట్ మమ్స్ నేమ్, రైట్ అంది, అది దాదాపు వాళ్ళమ్మ పేరేనట, అర్థమైంది, మాటలన్నీ విడివిడిగా అర్థమయ్యాయి, ఆవిడ పేరు సుభద్ర కదా, ఇదేం మాట, తను తెల్లమొహం వేసుకుని చూస్తుంటే ఇంగ్లీషు అర్థం కాలేదనుకుందో ఏమో ఆ పిల్ల మూడేళ్ళలో మొదటిసారి తనతో తెలుగులో మాట్లాడింది, మాటలు తడుముకుంటూ, మమ్మీ పేరు నీలిమ, పేపర్స్‌లో వేరే ఉంటది, అది గ్రాండ్‌మా పేరు, అందరూ నీలిమ అనే అంటారు, నీరజ్ అందుకున్నాడు, మా పేర్లు డాడే పెట్టాడు, మమ్ నీ, నేను నీ, అక్క నీ, డాడ్ అప్పట్లో అని వాడింకా చెప్పబోతుంటే ఇంక చాలు అంది నీహారిక, ఆయన పళ్ళెంలోకి చూస్తూ నీహా, ఇనఫ్ అన్నారు, నీహా, ఆ పిలుపులో మొదటి అక్షరం ఎంతసేపు పలుకుతారో ఇన్నేళ్ళూ విన్నది, ఒక్కసారి కూడా నిజంగా వినలేదు, వంటింట్లోకి వచ్చి అప్పుడప్పుడు నీ అని మొదలుపెట్టి ఆగి పుష్పా అని పిలుస్తారు, కూతురు పేరు నోటికొచ్చి ఉంటుందనుకునేది, ముచ్చటగా కూడా ఉండేది, నీహారిక మళ్ళీ ఇంగ్లీషులోకి వెళ్ళిపోయింది, సారీ ఆంటీ, పేరు బాగుంది, కానీ ఇంకేదైనా పెట్టొచ్చు కదా, ప్లీజ్, ఇది మాది, అంది, ఎంత మర్యాదగా అందో, కొట్టినా బాగుండును, నీరజ్ మెల్లిగా అడిగాడు, ఈ పాప మనకి సొంత చెల్లేనా అని, హాఫ్ అంది నీహారిక, వాడు సగమంటే ఎంతో కొలుస్తున్నట్టు ఉయ్యాల వైపు ఒకసారి చూశాడు, తర్వాత మజ్జిగ అడిగాడు, పుష్పలీల లేచి మజ్జిగ తెచ్చింది, పోసింది, అంచులు దాటకుండా పోసింది.

ఐదింటికి ఆయన వాళ్ళని తీసుకుని బయల్దేరారు, ఇల్లు ఖాళీ అయింది, పాపకి పాలిచ్చి పడుకోబెట్టింది, సంచి సోఫా మీద అలాగే ఉంది, తెరవకపోతే మర్యాద కాదు, తెరిచింది, పసుపుపచ్చ ఉన్ని స్వెట్టరు, చేత్తో అల్లింది, కొన్నది కాదు, గుండీలు ముత్యాలంతే ఉన్నాయి, మెడ దగ్గర పసిపిల్లకి గుచ్చుకోకుండా మెత్తటి గుడ్డ వేసి కుట్టింది, ఎన్ని రోజులు పట్టిందో, ఎందుకు అల్లింది, చెడ్డదైతే ఎంత బాగుండేది, దాని మధ్యలో చిన్న కార్డు, ఇంగ్లీషులో స్వాగతం చిట్టితల్లీ అనీ, కింద ప్రేమతో అనీ, దాని కింద పేర్లు, నీలిమ, నీహారిక, నీరజ్, ఒకే చేతిరాత, ఒకే వరస, పైకి చదివింది, మళ్ళీ చదివింది, మూడు మెట్లలా దిగుతోంది, తను ఇన్నాళ్ళూ ఇద్దరున్న వరసలో మూడో చోటు ఖాళీగా ఉందనుకుంది, ఖాళీ ఎప్పుడూ లేదు, మూడో మనిషి మొదట్లోనే నిలబడి ఉంది, మిగిలినవాళ్ళు ఆవిడ వెనక నిలబడ్డారు, ఆ పేర్లు ఒకదానితో ఒకటి కలవడానికి పెట్టినవి కావు, రెండూ ఆవిడతో కలవడానికి పెట్టినవి, తను నాలుగో నెల నుంచి పేర్ల పుస్తకం తిరగేసీ, ఫోన్లో వెతికీ, నాలుక మీద వేసుకుని చూసీ, తన కూతురికి ఆయన మొదటి భార్య పేరు పెట్టడానికే కష్టపడింది, నీరద, నీతిక, నీలాంజన, నీలాంజన అయితే మరీను, దగ్గరదగ్గరగా ఆ పేరే.

ఆయన తిరిగి వచ్చేసరికి ఎనిమిది దాటింది, వేసవి కాబట్టి ఇంకా వెలుతురుంది, బూట్లు విప్పుతుంటే, మీరెందుకు చెప్పలేదండీ అని అడిగింది, ఏమిటని అడగలేదు ఆయన, అంటే తోవంతా అదే అనుకుంటూ వచ్చారన్నమాట, కుర్చీలో కూర్చుని తాళంచెవుల గుత్తి చేతిలో తిప్పి, నేను దాచిపెట్టలే పుష్పా, నువ్వు అడగలే అన్నారు, పేర్లు పెట్టింది నేనే, అప్పుడు మంచిగనే ఉంటిమి, ఆ టైంల అట్ల అనిపించింది, మరి నేను నీతో పేర్లు వెతుకుతుంటే అని తను అంటే, నువ్వే మొదలుపెట్టినవ్ గద, నువ్వు సంబురపడుతున్నవ్, ఎందుకు చెప్పి పాడుచెయ్యాలె అని ఊకున్న, అని ఆగి, నాక్కూడ ఏమో, మంచిగనే అనిపించింది, అన్నారు, అన్నాక ఆ మాట ఎంత దూరం పోయిందో ఆయనకే తెలిసినట్టుంది, తల వంచుకున్నారు, పెద్ద నేరమేమీ చేయలేదు, తిట్టలేదు, కొట్టలేదు, మూడేళ్ళలో ఒక్కసారి గొంతు పెంచలేదు, జ్వరమొస్తే జావ కాచిస్తారు, పురుటికి పక్కనే నిలబడ్డారు, అలాంటి మనిషిని ఏమని నిలదీస్తుంది, మీకు ఆవిడంటే ఇంకా ఇష్టమేనా అని అడగొచ్చు, లేదంటారు, ఆ లేదు అనడానికి ముందు ఒక క్షణం ఆగుతారు, ఆ క్షణంతో తను మిగతా జీవితమంతా కాపురం చెయ్యాలి, అడగలేదు, అన్నం వడ్డించనా అంది, తిన్న అన్నారు, ఎక్కడ, వెంబ్లీలో పిల్లలు లోపలికి రమ్మన్నారట, పిజ్జా తెప్పించారట, సరే అంది, ఆ మాటా అడిగి ఉండకూడదు.

ఆదివారం, సోమవారం కొత్త జాబితా, ఈసారి నీ లేని పేర్లు, ముందు నీ కొట్టేసింది, తర్వాత ని కొట్టేసింది, తర్వాత అసలు న అనే అక్షరమున్న ప్రతి పేరూ కొట్టేసింది, మానస, స్వప్న, నందిత, అనూష, పాపం వాటి తప్పేముంది, లకారం కూడా ఉండకూడదనుకుంది, ఆ పేరులో ల కూడా ఉంది కదా, తర్వాత గుర్తొచ్చింది తన పేరులోనే రెండు లలు ఉన్నాయని, నవ్వొచ్చింది, నవ్వుతుంటే ఏడుపొచ్చింది, పాప పాలు తాగుతూ తాగుతూ ఉలిక్కిపడింది, హేమకి ఫోన్ చేసి జరిగింది చెప్పింది, హేమ ముందు ఆయన్ని నాలుగు మాటలంది, నేను రానా అక్కా అంది, వీసా లేదూ ఏమీ లేదూ ఎలా వస్తావే అంటే అటు ఏడ్చింది, తర్వాత ముక్కు చీది, వతో పెట్టవే, వకుళ అని పెట్టు, పొగడపువ్వు, నువ్వే కదా కాలేజీలో దాని గురించి చెప్పేదానివి, వాడినా వాసన పోదని అంది, వకుళ, మూడక్షరాలు, న లేదు, ఆ ళ ఆ ల కాదు, ఆ ఇంట్లో ఎవరి పేరుతోనూ కలవదు, సరే అంది పుష్పలీల, ఆయనకి చెప్తే ఆయన తల ఎత్తకుండా, నీ ఇష్టం అన్నారు, నీ అన్న అక్షరం దగ్గర తన చెవి అంతా ఆగిపోయింది, మిగతా మాట తర్వాతెప్పుడో వినబడింది.

మంగళవారం పదకొండింటికి రిజిస్ట్రార్ గదిలో కిటికీ పక్కన కూర్చోబెట్టారు, పాపని కారు సీటుతో సహా మధ్య కుర్చీలో పెట్టుకున్నారు, రిజిస్ట్రార్ నెరిసిన జుట్టావిడ, కళ్ళద్దాలకి గొలుసు, మంచి మాటతీరు, పుట్టిన తేదీ, ఆస్పత్రి, తండ్రి ఉద్యోగం, తల్లి ఉద్యోగం, ఒక్కొక్కటీ అడిగి టైపు చేస్తోంది, లెక్కల కోసం అడిగేవి ఇంకొన్ని ఉన్నాయి, బయటపడవు, అని ముందే చెప్పి, ఇంతకుముందు పిల్లలెంతమంది అని అడిగింది, ఇద్దరు అన్నారు ఆయన వెంటనే, ఆవిడ నొప్పించకుండా నవ్వి, ఈ ప్రశ్న తల్లికి మాత్రమేనండీ, ఆమె కన్న పిల్లలు అంది, ఎవరూ లేరన్నట్టు పుష్పలీల నన్ అంది, ఆవిడ సున్నా కొట్టింది, మీట నొక్కిన చప్పుడు చిన్నదే, ఆయన కుర్చీలో సర్దుకున్నారు, సున్నా, పోనీ, ఇక్కడైనా ఎవరో నిజం రాసుకున్నారు, ఇక పాప పేరు అంది రిజిస్ట్రార్, వకుళ, అక్షరం అక్షరం చెప్పింది, వి, ఏ, కె, యు, ఎల్, ఏ, ఇంగ్లీషులో ఆ ళ కూడా ఎల్లే అయింది, ఎంత బాగుందో, అర్థమేమిటి అంటే ఒక పువ్వు అంది, చెట్టు పెద్దది, పువ్వు చిన్నది, ఆవిడ మళ్ళీ అంది, ఒకవేళ మనసు మారితే ఏడాదిలోపు మొదటి పేరు మార్చుకునే వీలుంది, ఆ మాట చాలామందికి తెలియదు అని, ఆయన ఇటు వంగి మెల్లిగా, తెలుగులో, విన్నవా, మార్చుకోవచ్చట అన్నారు, ఎందుకన్నారో, తనని ఊరడించడానికేనేమో, లేక ఆయనకి ఇంకా ఆశ ఉందేమో, ఆ మనిషి మాటల్లో ఏది ఏదో తనకి ఇకమీదట ఎప్పటికీ తెలియదు, రిజిస్ట్రార్ టైపు చేస్తూ చేస్తూ, ఇక్కడికొచ్చిన ప్రతివాళ్ళనీ అడిగేదే అయ్యుంటుంది, డజ్ షి లుక్ లైక్ ఎ వకుళ అంది నవ్వుతూ, చూస్తే వకుళలా ఉందా పాప, ఔనని చెప్దామని పుష్పలీల కారు సీటు మీదికి వంగింది.

పాప మేలుకునే ఉంది, కిటికీ వెలుతురు వైపు చూస్తోంది, ఎడమ కనుబొమ్మ కుడిదానికంటే కాస్త పైకి ఉంది, దేనికో ఒప్పుకోనట్టు, పై పెదవి మధ్యన పాలు చీకీ చీకీ లేచిన చిన్న పొక్కు, చెవి తమ్మె అంచున ఆవగింజంత గుంట, ఈ గుంట ఎప్పటినుంచి ఉంది, పుట్టుకతోనా, ఈ కనుబొమ్మ ఎప్పుడు ఇలా లేచింది, నిన్ననా, మొన్ననా, తెలియదు, రోజుకి పదిసార్లు పాలిచ్చింది, నూనె రాసింది, నీళ్ళు పోసింది, చెంపలు తుడిచింది, అన్నిసార్లూ కళ్ళు ఇక్కడ, ఆలోచన అక్కడ, ముందు ఆ ఇద్దరి పేర్ల వైపు చూసింది, తర్వాత ఆవిడ పేరు వైపు చూసింది, కలిసే పేరు వెతికినా అటే చూసింది, కలవని పేరు వెతికినా అటే చూసింది, పంతులుగారు నక్షత్రం చూశారు, హేమ అక్షరం చూసింది, నీహారిక తన తల్లిని చూసుకుంది, ఆయన ఎప్పుడో గడిచిపోయిన మంచి రోజుల్ని చూసుకున్నారు, పాప చూపు కిటికీ మీది నుంచి మెల్లిగా జరిగి తన మొహం మీదికి వచ్చి ఆగింది, ఎవరన్నట్టు, రిజిస్ట్రార్ స్క్రీన్ ఇటు తిప్పి స్పెల్లింగు సరిగ్గా ఉందేమో చూసుకోమంది, ఉంది, ఒక్క అక్షరం తప్పు లేదు, ఉందండీ అంది, కాగితం ముందుకొచ్చింది, సంతకం పెడుతుంటే అప్పుడు తెలిసింది పుష్పలీలకి, ముప్పై తొమ్మిది రోజులుగా ఇంతమంది కలిసి ఈ పిల్లకి పేరు వెతికారు, ఈ పిల్లని చూసి వెతికినవాళ్ళు ఒక్కరూ లేరు, కన్నతల్లితో సహా.